ఎదుటి కోట ముసలాయన

ఒక వీడియో గేమ్ బాగుందా, బాగాలేదా అన్న వాదన మీద, లోకంలో తనకున్న ఒకే ఒక్క స్నేహితుణ్ణి ఎవడైనా పోగొట్టుకుంటాడా? పుంగనూరులో సిమెంటు, పైపులు, పెయింట్లు అమ్మే రామమూర్తి గారి కొడుకు దినేష్ పోగొట్టుకున్నాడు. అదీ న్యాయం తనవైపే ఉందన్న గట్టి నమ్మకంతో పోగొట్టుకున్నాడు. ఆ నమ్మకం నాలుగేళ్ళు చెక్కుచెదరలేదు. చెదిరిన రోజున చెప్పుకుందామంటే పాపం కొట్లో ఎవరూ లేరు.

దినేష్ ఇంటర్ రెండుసార్లు తప్పాడు. రెండోసారి తప్పిన మర్నాడే రామమూర్తి గారు కొడుకుని తీసుకొచ్చి కొట్లో కూర్చోబెట్టారు. షట్టరు ఎత్తింది మొదలు వచ్చేవాళ్ళందరూ ముప్పావించి పైపు, తెల్ల పెయింటు, మేకులు, అంతకు మించి మాట్లాడరు. వాళ్ళను తప్పుపట్టేదేముంది? మేకులు కొనడానికొచ్చినవాడు మనసు విప్పుతాడా? ఇంట్లో నాయన సరుకు గురించి మాట్లాడేవాడు, అమ్మ కాంతమ్మ సంబంధాల గురించి మాట్లాడేది. దినేష్‌కు కావలసిన మాట మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు, వాడు మదనపల్లెలో ఉండేవాడు.

వాడి పేరు భరత్. సోమల దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. మదనపల్లెలో గది తీసుకుని డిగ్రీ చదివేవాడు. ఇద్దరికీ అక్కడి హనుమంతు నెట్ సెంటర్లో పరిచయం. ప్రతి ఆదివారం దినేష్ 'సరుకు చూసొస్తా' అని ఇంట్లో చెప్పి బస్సెక్కేవాడు. ఏం సరుకో ఎవరూ అడగలేదు, అడిగుంటే వాడికే తెలియదు.

హనుమంతు నెట్ సెంటరుకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ ఏ కంప్యూటరుకూ స్పీకర్లు లేవు. కింది అంతస్తులో పళ్ళ డాక్టరు క్లినిక్కు. పైన ఫిరంగులు పేలితే కింద పన్ను పీకించుకునేవాళ్ళు ఉలిక్కిపడి నోరు మూసేస్తున్నారని డాక్టరు గొడవ చేస్తే, హనుమంతు స్పీకర్లన్నీ పీకి అటకమీద పడేశాడు. హెడ్‌ఫోన్లు కొనిస్తే కుర్రాళ్ళు విరగ్గొడతారని కొనలేదు. అందుచేత మదనపల్లెలో ఆ తరం ఆటగాళ్ళంతా మూగ ఆటలాడి పెరిగినవాళ్ళే. గేముకు గొంతుంటుందన్న సంగతే వాళ్ళకు పట్టేది కాదు.

ఆ లోటు భరత్ తీర్చేవాడు. అప్పట్లో అందరూ ఆడేది 'ఐరన్ ఫోర్ట్' అనే గేమ్. కోట కట్టాలి, ధాన్యం నింపాలి, సైన్యం పెంచాలి, పక్కవాడి కోట కూల్చాలి. తెరమీద రాజు నోరు కదిపితే చాలు, భరత్ మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా సేనాపతీ, గోడకు రాళ్ళు యాడ? రాళ్ళు లేకుండా కోట కడతావా? మీ మామగారిల్లనుకుంటివా?"

అంతలో సైనికుడి గొంతు: "అయ్యా, పొద్దున్నించి సద్ది తినలేదు. యుద్ధం రేపు పెట్టుకుందాం సామీ."

సెంటరంతా ఆటలాపి వినేది. దినేష్ కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారిపోయేవాడు. వారం మొత్తానికి వాడు నవ్వే నవ్వు అదే. సాయంత్రం టమోటా బుట్టల మధ్య నిలబడి పుంగనూరు బస్సులో వస్తూ, ఆ మాటలే తలచుకుని ఇంకోసారి నవ్వుకునేవాడు.

రెండు వేల నాలుగులో భరత్‌కు కుప్పంలో పీజీ సీటొచ్చింది. హాస్టల్లో చేరిపోయాడు. ఆదివారాలు ఆగిపోయాయి. దినేష్ అలవాటుకొద్దీ కొన్నాళ్ళు మదనపల్లె వెళ్ళాడు గానీ, రాజు నోరు కదుపుతుంటే పక్కన ఉలుకూ పలుకూ లేదు. నాలుగు దిక్కులా కీబోర్డులు టకటకలాడుతుండగా మూగరాజును చూస్తూ కూర్చోవడం దినేష్ వల్ల కాలేదు. రామమూర్తి గారిని బతిమాలి, బిల్లులు కొట్టడానికన్న వంకతో కొట్లోకి ఒక కంప్యూటరు తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం నాయన భోంచేసి కునుకు తీసే వేళ ఒక్కడే ఆడుకునేవాడు. భరత్ అప్పుడప్పుడు కొట్టుకు ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ కోసం దినేష్ ఎదురుచూసేవాడు. ఈ మాట వాడు ఎవరితోనూ అనలేదు.

ఆ మరుసటి ఏడే 'ఐరన్ ఫోర్ట్'కు ఎక్స్‌పాన్షన్ వచ్చింది. అంటే పాత గేముకు తగిలించుకునే కొత్త భాగం. మనవాళ్ళు ఎక్స్‌ట్రా సీడీ అనేవాళ్ళు. పేరు 'వింటర్ వాచ్'. ఒక ఇంగ్లీషు పత్రిక దానికి నూటికి తొంభై అయిదు మార్కులేసి, ఇలాంటిది ఇంతకు ముందు రాలేదని పొగిడింది. ఎందుకు గొప్పదో చెబితే పాడవుతుంది, మీరే ఆడి తెలుసుకోండని వదిలేసింది. హనుమంతు బెంగళూరు నుంచి తెప్పించి అందరికీ కాపీలు కొట్టిచ్చాడు.

దినేష్ ఆడాడు. వాడికి ఒళ్ళు మండిపోయింది. యుద్ధం లేదు, సైన్యం లేదు. ఇద్దరు ఆడే వీలు అసలే లేదు. కొండమీద ఒక కోట, బయట మంచు, కోటలో ఒక్కడు. కట్టెలు, తిండి, దీపానికి నూనె పొదుపుగా వాడుకుంటూ చలికాలం గట్టెక్కాలి. పొద్దుగూకితే ఎదుటి కొండమీద ఇంకో కోటలో చిన్న దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. అది అలంకారమనుకున్నాడు దినేష్. తన కోట బురుజుమీదా ఒక దీపముంది. మీట నొక్కితే వెలుగుతుంది, కానీ నూనె ఖర్చు. చలికి దీపమెందుకు? రామమూర్తి గారి కొడుకు ఆ మాత్రం లెక్క తెలియనివాడా? ఒక్క చుక్క ఒలకనీయకుండా నూనె పీపాలు నింపుకుని వసంతం దాకా వచ్చేశాడు. ఇంతేనా? దీనికి తొంభై అయిదా?

ఆ వారమే భరత్ ఫోన్ చేశాడు. హాస్టల్లో తోటి కుర్రాడి దగ్గర ఒరిజినల్ సీడీలుంటే ఆడాడట.

"దినేషా, ఆడితివా? ఏం గేమప్పా అది! ఆ ముసలాయన గొంతు వింటిని సూడు, రెండు దినాలు మనిషిని కాలేదు."

"యా ముసలాయన?"

"ఎదురుకోట కావలాయన. సాయంకాలమైతే పిలుస్తాడు గదా."

దినేష్ నవ్వాడు. ఇదేదో కొత్త వేషం, గొంతులు పెట్టడం వీడికి అలవాటే గదా అనుకున్నాడు. కానీ భరత్ నవ్వలేదు. నిజంగా చెబుతున్నాడు. ఫోన్ పెట్టేశాక దినేష్ పట్టుదలగా వెళ్ళి స్పీకర్లు కొనుక్కొచ్చాడు. కంప్యూటరుకు తగిలించి మళ్ళీ మొదటినుంచి ఆడాడు. గొడ్డలి చప్పుడు వినిపించింది, గాలి వినిపించింది. ఎదురుకోటలో దీపం వెలిగింది, ఆరింది. ఏ ముసలాయనా పిలవలేదు. చెవి స్పీకరుకు ఆనించి కూర్చున్నాడు. చివరికి రామమూర్తి గారు లేచొచ్చి 'ఏందిరా, చెవిలో ఏమన్నా పడిందా?' అని అడిగారు.

అప్పుడు దినేష్ మనసులో ఒక ముల్లు దిగింది. వీడు నన్ను ఆట పట్టిస్తున్నాడు. పెద్ద చదువుకు పోయాడు గదా, లేనిది ఉందని చెప్పి, నేను అవునవునంటే హాస్టల్లో నవ్వుకుందామని.

ఆ నెలాఖరు ఆదివారం భరత్ మదనపల్లె వచ్చాడు. నెట్ సెంటర్లో అదే వాదన నడుస్తోంది. టమోటా మండీలో గుమాస్తా నాగరాజు గొంతు అందరికన్నా పెద్దది.

"తొంభై అయిదంట! దుడ్లు తీసుకొని రాసినారప్పా. యుద్ధం లేని కోటాట యాడన్నా ఉండాదా?"

అందరూ అదే మాట. భరత్ ఒక్కడే అడ్డం తిరిగాడు. ఆ గేమ్ గెలవడానికి కాదు, అవతల ఒక మనిషి ఉన్నాడని తెలుసుకోవడానికి అన్నాడు. ముసలాయన గొంతు గురించి చెప్పాడు. సెంటరంతా ముఖాలు చూసుకుంది. భరత్ సాయం కోసం దినేష్ వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు దినేషా. ఆయన పిలిస్తే నీ దీపం పెట్టలేదా?"

"దీపమా? ఒక్క చుక్క నూనె ఖర్చు సేయకుండా చలికాలం దాటితిని. సూస్తావా?"

భరత్ నోరు తెరిచాడు. "ఒక్కసారి కూడా పెట్టలేదా?"

"ఎవుడన్నా పిలిస్తే గదా పెట్టేది? స్పీకర్లు కొనితెచ్చి మరీ వింటిని. మా ఎవురికీ లేని గొంతు నీ ఒక్కడికే వినపడిందా? హాస్టల్లో ఏం తాగిస్తాండారప్పా?"

సెంటరు గొల్లుమంది. ఇన్నాళ్ళూ భరత్ మాటలకు నవ్విన సెంటరు, మొదటిసారి భరత్‌ను చూసి నవ్వింది. వాడి ముఖం నల్లబడింది. తెరవైపు తిరిగి, మెల్లగా అన్నాడు.

"నీకు అర్థం కాలేదులే దినేషా."

ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది. అర్థం కాలేదన్న మాట దినేష్ ఇంటర్‌లో లెక్చరర్ల దగ్గర విన్నాడు, ఇంట్లో నాయన దగ్గర విన్నాడు. ఈ నెట్ సెంటర్లో మాత్రం ఎన్నడూ వినలేదు. అందుకే గదా వారం వారం వచ్చేది.

"అవునప్పా. ఇంటర్ తప్పినోళ్ళకు యాడ అర్థమవుతాది?" అని లేచి మెట్లు దిగిపోయాడు. భరత్ వెనకాలే వస్తాడని బస్టాండులో రెండు బస్సులు వదిలేశాడు. భరత్ రాలేదు. తర్వాత ఫోనూ రాలేదు. దినేష్ కూడా చేయలేదు. నాదే న్యాయమైనప్పుడు నేనెందుకు చేయాలి?

నాలుగేళ్ళు గడిచాయి. మేకులు, పైపులు, పెయింట్లు. భరత్‌కు కుప్పంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికిందని, పెళ్ళయిందని నాగరాజు చెబితే తెలిసింది. పెళ్ళికి పిలుపు రాలేదు. దినేష్ ఆ రోజు కొట్లో కూర్చుని రాని కార్డు గురించి చాలాసేపు ఆలోచించి, 'ఆ తొంభై అయిదు మాత్రం అన్యాయం' అని తనలో తానే వాదించుకున్నాడు. అవతలివాడు లేకపోయినా వాదన మాత్రం మానలేదు. అది మానేస్తే భరత్ పూర్తిగా లేనట్టే కదా.

రెండు వేల తొమ్మిదిలో హనుమంతు నెట్ సెంటరు మూసేశాడు. ఇళ్ళల్లోకే నెట్ వచ్చేశాక ఇక ఆ మెట్లెక్కేదెవరు? పాత సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి దినేష్ వెళ్ళాడు. కంప్యూటర్లు అప్పటికే పోయాయి. సీడీలు ఒక అట్టపెట్టెలో పోసున్నాయి. దాంట్లో 'వింటర్ వాచ్' ఒరిజినల్ డబ్బా కనిపించింది. తెరిస్తే లోపల రెండు సీడీలున్నాయి.

"రెండుండాయే?" అన్నాడు దినేష్.

"ఉండాయి. మొదటిదే కాపీ కొట్టి అందరికీ ఇస్తిని. రెండోదాంట్లో పాటలూ మాటలే గదా. మన సెంటర్లో స్పీకర్లే లేకపోయె. ఇంకో ఖాళీ సీడీ దండగ యాల?" అన్నాడు హనుమంతు, మంచి పొదుపు చేసినవాడి తీరుగా.

దినేష్ డబ్బా మూశాడు. ఏమనాలి? నూనె పొదుపు చేసినవాడు సీడీ పొదుపు చేసినవాణ్ణి తిడతాడా? డబ్బా సంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయన కునుకు తీసే వేళ రెండు సీడీలూ ఎక్కించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మంచు పడింది. కట్టెలు కొట్టాడు. పొద్దుగూకింది. ఎదుటి కోటలో దీపం వెలిగింది. అప్పుడు వినిపించింది. ముసలి గొంతు. వణుకుతోంది, కానీ తమాషాగా ఉంది. 'నేనింకా ఇక్కడే ఉన్నాను. నువ్వు అక్కడ ఉన్నావా?' అంతే. ఇంటర్ తప్పినవాడికి కూడా అర్థమయ్యే ఇంగ్లీషు.

దినేష్ చేయి దానంతటదే మీట మీదికి పోయింది. తన బురుజుమీద దీపం వెలిగింది. అవతల ముసలాయన చిన్నగా నవ్వాడు. ఈరోజు కట్టెలు తడిశాయన్నాడు, కుక్క ఒకటి తోడుందన్నాడు. మర్నాడు మళ్ళీ పిలిచాడు. దినేష్ మళ్ళీ దీపం పెట్టాడు. నూనె తగ్గుతుంటే తిండి తగ్గించుకున్నాడు గానీ దీపం మానలేదు. చలికాలం చివర్లో ఒక సాయంత్రం ఎదుటి కొండ చీకటిగానే ఉండిపోయింది. దినేష్ దీపం పెట్టి చూస్తూ కూర్చున్నాడు. నూనె ఉన్నంతవరకూ పెట్టాడు.

తర్వాత ఒక అనుమానం వచ్చి ఇంకోసారి మొదలుపెట్టాడు. ఈసారి కావాలనే దీపం పెట్టలేదు, అప్పుడు ఆడినట్టే ఆడాడు. ముసలాయన పిలిచాడు. మర్నాడు ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. ఆ తర్వాత, 'నువ్వక్కడ ఉన్నావని తెలుసు, నామీద కోపమా?' అన్నాడు. దినేష్ హెడ్‌ఫోన్లు తీసేసి, పెయింటు డబ్బాల వెనక్కి వెళ్ళి ఏడ్చాడు. భరత్ ఆ ఆదివారం నోరు తెరిచి ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది. ఒక్కసారి కూడా పెట్టలేదా అని అడిగాడు పాపం, అంతే.

ఆ మరుసటి ఆదివారం దినేష్ కుప్పం బయలుదేరాడు. పలమనేరులో బస్సు మారి, దారి పొడుగునా ఒకే మాట కూడబలుక్కున్నాడు. 'నువ్వే కరెక్టప్పా. తొంభై అయిదు కూడా తక్కువే. నన్ను మన్నించు.'

భరత్ ఇల్లు అడిగి అడిగి పట్టుకున్నాడు. తలుపు తీసిన భరత్ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. తర్వాత నవ్వి లోపలికి పిలిచాడు. కొంచెం లావయ్యాడు, కళ్ళద్దాలొచ్చాయి. భార్య దీప కాఫీ తెచ్చి, 'బాగుండారా అన్నా' అని పలకరించి లోపలికి వెళ్ళింది.

"కొట్టెట్ల నడస్తాంది?"

"ఏదో నడస్తాంది. కాలేజీ?"

"అట్లే."

కాఫీ అయిపోయింది. నాయన ఆరోగ్యం అడిగాడు భరత్, బాగుందన్నాడు దినేష్. ఈసారి వానల్లేవన్నాడు దినేష్, అవునన్నాడు భరత్. ఇద్దరూ గోడమీది క్యాలెండరు చూశారు. భరత్ మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు, మర్యాదగానే. దినేష్‌కు భయమేసింది. ఇంత దూరం వచ్చి కొట్లో మేకులు కొనేవాళ్ళతో మాట్లాడినంత కూడా మాట్లాడలేకపోతున్నాడు. ఇక ఆ మాట చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాడు. అంతలో భరతే అన్నాడు, లేవబోతూ, ఏదో ఒకటి అనాలి గనక అన్నట్టు.

"ఆ వింటర్ వాచ్ గేమ్ గురించి కొట్లాడితిమి గదా ఆ పొద్దు. ఇప్పటికన్నా ఒప్పుకుంటావా?"

బస్సులో కూడబలుక్కున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయితే దినేష్‌కు ఆ తర్వాత జరిగేదీ కనిపించింది. ఒప్పుకుంటాడు. 'పోనీలేప్పా, ఎప్పటి కత' అంటాడు భరత్. బస్టాండు దాకా వచ్చి సాగనంపుతాడు. అంతటితో ఇద్దరి మధ్యా మిగిలున్న ఆ ఒక్కటీ తెగిపోతుంది. ఎన్నేళ్ళుగానో లోపల దాచుకుని మేపుకుంటున్న వాదన అది. గెలుపు వాడికిచ్చేస్తే ఇక తన దగ్గరేముంది?

"ఒప్పుకోను," అన్నాడు దినేష్. "చెత్త గేమది."

భరత్ లేవబోతున్నవాడు ఆగాడు. కళ్ళద్దాలు తీశాడు. "యాల చెత్త?"

"ఇద్దురు ఆడేదానికి లేదు. అది పెద్ద తప్పు."

"ఇద్దురూ ఉండారు కదప్పా దాంట్లో! అదే గదా అప్పుడూ సెప్తిని," అని కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు భరత్. చేతులు ఊపాడు. గొంతు పెరిగింది. లోపలినుంచి దీప తొంగి చూసింది, తన మొగుడు ఇంత మాట్లాడతాడని ఆమెకు తెలిసినట్టు లేదు.

దినేష్ అడ్డం పడుతూనే ఉన్నాడు. యుద్ధం లేదన్నాడు, నూనె లెక్క తప్పన్నాడు, పత్రికవాళ్ళకు మతి లేదన్నాడు. తను ప్రాణంగా ప్రేమించిన దాన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే లోపల నొప్పిగా ఉంది. ఎదురుగా భరత్ ముఖం చూస్తుంటే ఆ నొప్పి లెక్కలోకి రాలేదు.

"నువ్వు ఆ గొంతు వినలేదు, అదీ నీతో సిక్కు. ఇట్ల పిలుస్తాడప్పా, విను," అని భరత్ లేచి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, నడుం వంచి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని దూరానికి చూశాడు. ఇంగ్లీషు ముసలాయన సోమల ముసలాయనైపోయాడు.

"ఏమప్పోవ్! నేనీడనే ఉండాను. నువ్వాడ ఉండావా? కట్టెలన్నీ తడిసిపాయె. కుక్క నా దుప్పటి ఎత్తుకపాయె. పలకవేమప్పా, నా మీద కోపమా?"

దినేష్‌కు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు నిండిపోయాయి. నవ్వుకే నీళ్ళొచ్చాయని భరత్ అనుకుంటాడులే అని తుడుచుకోలేదు.

"ఉండాను," అన్నాడు.

"సూడు! పలికితివా లేదా? అదప్పా గొప్ప!" అని భరత్ బల్ల చరిచాడు.

"ఒక్క మాట పలికితే ఒప్పుకున్నట్లా? ఆ గేమ్‌లో ఇంకా శానా తప్పులుండాయి. ఆదివారం ఫోన్ సేసి సెప్తా."

"సెయ్. సూస్తా ఏం సెప్తావో," అని భరత్ తన కొత్త నంబరు చెప్పాడు. బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలినా కిటికీ పక్కన నడుస్తూ వాదించాడు.

తిరుగుదారిలో దినేష్ కిటికీకి తలానించి 'వింటర్ వాచ్'లో తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. వి.కోట దాటింది, పలమనేరులో బస్సు మారాడు, పుంగనూరు దగ్గరపడింది. ఒక్క తప్పూ దొరకలేదు. ఆదివారంలోగా ఎట్లాగైనా దొరకాలి.